సికందర్ దండు నమిలిన వేరు

ఒక మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. ఆయన నాకు చేసిన అపకారం ఏమీ లేదు. నల్ల మిఠాయి బిళ్ళలు వండేవాడు, వాటిని సంతలో కూర్చుని అమ్మేవాడు, అంతే. నేను తెల్ల బిళ్ళలు, పచ్చ బిళ్ళలు, నిమ్మ బిళ్ళలు అమ్మేవాణ్ణి. ఇద్దరికీ జీతమిచ్చే షావుకారు ఒక్కడే. ఇద్దరం ఎక్కే బస్సు ఒక్కటే. అయినా నాకు ఆయనంటే గిట్టేది కాదు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నా దగ్గరికొచ్చి, "తాతా, మా ఆఫీసులో ఫలానావాడు నన్ను తొక్కేస్తున్నాడు" అని మొత్తుకుంటూ ఉంటారు. వింటాను. తొక్కేవాడి సంగతి వాళ్ళకు బాగానే తెలుసు. తొక్కాలని చూసినవాణ్ణి నేనే కాబట్టి, వాడి లోపలి సంగతి నాకు తెలుసు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇందులో నన్ను మెచ్చుకునే భాగం ఎక్కడుందా అని వెతక్కండి, లేదు.

ఆంధ్ర రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో మాట. ప్రొద్దుటూరులో మా షావుకారు బట్టీ ఉండేది. బట్టీ అంటే పెద్ద ఫ్యాక్టరీ అనుకునేరు. రెండు పొయ్యిలు, నాలుగు ఇత్తడి గంగాళాలు, నూనె రాసిన నాపరాయి బండలు రెండు. పాకం బండ మీద పోసి, కాస్త ఆరాక చేతుల్లోకి తీసి, గోడకున్న ఇనుప కొక్కేనికి తగిలించి లాగాలి. లాగగా లాగగా పసుపుపచ్చ పాకం తెల్లబడి పట్టులా మెరుస్తుంది. దాన్ని పొడుగ్గా సాగదీసి కత్తెరతో కత్తిరిస్తే బిళ్ళలు. నేను ఎస్సెల్సీ దాకా చదివినవాణ్ణి కాబట్టి నన్ను పాకం దగ్గర పెట్టలేదు. ఊళ్ళు తిరిగి అంగళ్ళకు సరుకు వేసే పని ఇచ్చారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడూళ్ళూ నావి. నావని నేను అనుకునేవాణ్ణి.

ఆ మనిషిది జమ్మలమడుగు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. సాయిబు. బట్టీలో అందరూ ఆయన్ను మామా అనేవాళ్ళు, నేనూ అనేవాణ్ణి. ఆయనకు అక్షరం ముక్క రాదు. వేలిముద్ర వేసి జీతం తీసుకునేవాడు. నల్ల బిళ్ళ ఒక్కటే ఆయన విద్య. మూలికల అంగడి నుంచి అతిమధురం వేర్లు తెప్పించి, దంచి, నానబెట్టి, మరగబెట్టి, ఆ కషాయం గుడ్డలో వడగట్టి బెల్లంతో కలిపి పాకం పట్టేవాడు. పైన శొంఠిపొడి చల్లేవాడు. చూడ్డానికి బొగ్గు ముక్కలా ఉండేది. మొదట్లో అంగళ్ళవాళ్ళు, "ఇదేం బిళ్ళ సామీ, మసిబిళ్ళ" అని వెనక్కి పంపారు. అప్పుడు షావుకారు ఆయన్నే సంతలకు పంపాడు, "నువ్వు చేసింది నువ్వే అమ్ముకో పో" అని.

అదీ నా దురదృష్టం. ఆయన నోరు తెరిస్తే జనం కదిలేవాళ్ళు కాదు.

పులివెందుల సంతలో బస్టాండు గోడ పక్కన గోనెపట్ట పరిచి కూర్చునేవాడు. ముందు బిళ్ళల డబ్బా, పక్కన నాలుగు ఎండు వేర్లు. ఎవరైనా ఆగితే బిళ్ళ కొనమని అడగడు. వేరు చేతికిచ్చి, "కొరుకప్పా" అంటాడు. ఆ మనిషి కొరుకుతాడు. ముందు మట్టి రుచి. తర్వాత మెల్లగా తీపి మొదలవుతుంది. ముఖం మారుతుంది. అప్పుడు మొదలుపెడతాడు.

"ఇది ఈడిది కాదప్పా. సముద్రం అవతలిది. సికందర్ పాదుషా దండు ఎడారిలో చిక్కుకున్న్యాది. నీళ్ళు ల్యావు. గుర్రాలు నోరెండి పడిపోతాండాయి. సిపాయిలు నాలిక బయటపెట్టినారు. అప్పుడొక ముసిలి హకీము ఈ వేరు తెచ్చి తలా ఒక ముక్క ఇచ్చినాడు. నమిలినారు. నోట్లో నీళ్ళూరినాయి. దప్పి పోయింది. లేసి నడిసినారు. అంతటి పాదుషా నమిలిన వేరప్పా నీ నోట్లో ఉండేది!"

ఆ రైతు తన నోట్లో ఉన్నదాన్ని ఇంకోసారి గౌరవంగా నమిలేవాడు. బిళ్ళలు పొట్లం కట్టించుకునేవాడు.

అంతటితో ఆగేదా? పిల్లలు చుట్టూ చేరి, "మరి కలకండ యాటిది తాతా?" అని అడిగేవాళ్ళు. "దాన్ని మేం మిశ్రీ అంటాం. మిసర్ దేశం పేరు పెట్టుకోనుండాది." "చక్కెర?" "చెరకు మనదేరా. మన చెరకు దేశాలన్నీ తిరిగి, తెల్లగా తయారై, పేరు మార్చుకోని మనింటికే వచ్చింది, అత్తగారింటికి పోయిన పిల్ల రైక మార్చుకోని వచ్చినట్ల." "జిలేబి?" "అది తురకదే, మా చుట్టమే." జనం పగలబడి నవ్వేవాళ్ళు. "మరి మా అరిసె?" "అది మీ జేజినడుగు, మీ అవ్వనడుగు, నన్నడుగుతావేంది!"

నేను పది అడుగుల దూరంలో నా పెప్పరమెంటు డబ్బాలు పెట్టుకుని నిలబడేవాణ్ణి. ఆయన చుట్టూ ఎందరున్నారో లెక్కపెట్టేవాణ్ణి. లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టేవాణ్ణి. ఆయన నవ్వు నాకు పడేది కాదు. ఆయన తలగుడ్డ చుట్టుకునే తీరు పడేది కాదు. ఒకసారి ఎవరూ చూడకుండా నల్ల బిళ్ళ నోట్లో వేసుకున్నాను. బాగుంది. బాగుందని తెలిసి మరింత కోపమొచ్చింది. ఇంటికి వెళితే మా అత్తగారు దగ్గుతోంది. నా భార్య, "ఏమయ్యా, మీ బట్టీ సాయిబు నల్ల బిళ్ళ రెండు తీసకరారాదా? మీ పెప్పరమెంటు తింటే దగ్గు తగ్గేదా పెట్టేదా?" అంది. నా సొంత కొంపలోనే నాకు దిక్కు లేదు.

నాకూ నోరుంది, చదువుంది, నేనూ చెప్పగలను అని ఒకసారి బయలుదేరాను. జమ్మలమడుగు సంతలో పెప్పరమెంటు గురించి మొదలుపెట్టాను. అది ఒక ఆకు నుంచి వస్తుందని, ఆ ఆకు ఇంగ్లండులో పండుతుందని, అక్కడి చలిలో దాని గుణం ఎలా ఉంటుందని, పుస్తకంలోని పాఠంలాగా నిలబడి చెప్పాను. నలుగురు ఆగారు. ఇద్దరు వెళ్ళిపోయారు. మూడోవాడు నా చొక్కా వంక చూస్తున్నాడు. ఒక ముసలామె చివరిదాకా ఉంది. నేను ఊపిరి తీసుకోగానే, "నాయనా, కత అయిపోయింటే బిళ్ళిచ్చి పంపు, బస్సు వస్తాంది" అంది.

ఇది ఎవరు మోశారో, సాయంత్రానికి బట్టీకి చేరిపోయింది. షావుకారు పడిపడి నవ్వాడు. నవ్వాక నా భుజం తట్టి, "చదువు నీకు, నోరు ఆయప్పకు ఇచ్చినాడు దేవుడు. రెండూ ఒకరికే యాడిస్తాడు?" అన్నాడు. ఆయన మంచిగానే అన్నాడు. నాకు వారం రోజులు అన్నం సహించలేదు.

అప్పటికి ఒక మాట పుట్టింది. షావుకారు సంతలన్నిటికీ ఒకే మనిషిని పెట్టి, సరుకంతా ఆ మనిషి చేతికే ఇవ్వాలనుకుంటున్నాడట. రెండో మనిషి బట్టీలోనే ఉండి పొట్లాలు కట్టించాలి. ఆ ఒక్కడు ఎవరో చెప్పనక్కర్లేదు. పదేళ్ళు బస్సుల్లో దుమ్ము తిన్న నేను, ఎస్సెల్సీ చదివిన నేను, పొట్లాలు కట్టించాలి. వేలిముద్ర మనిషి మూడూళ్ళూ ఏలాలి.

అలాంటి రోజుల్లో పులివెందుల సంతకు ఒక మాజీ సిపాయి వచ్చాడు. యుద్ధానికి పోయి తిరిగొచ్చిన మనిషి. మీసాలు, ఖాకీ నిక్కరు. మామ సికందర్ దండును నడిపిస్తుంటే చేతులు కట్టుకుని అంతా విన్నాడు. విని గట్టిగా, "ఓ సాయిబూ! నేను ఆ మిసర్ దేశంలోనే, ఈజిప్టు ఎడారిలో పనిచేసొచ్చినా. నీళ్ళు ల్యాకుంటే మనిషి చస్తాడు. వేరు నమిల్తే బతుకుతాడా? మాకెవరూ ఇయ్యలేదే వేర్లు! ఎందుకు జనాలకు చెవులో పూలు పెడ్తావు?" అన్నాడు.

జనం మామ వైపు తిరిగారు. నాకు లోపల పండగ.

మామకు కోపం రాలేదు. "నేను చెప్పింది కాదప్పా ఇది. మా నాయన చెప్పినాడు. బొంబాయిలో పఠాన్ల కింద వేర్ల మూటలు మోసిన మనిషి. ఆ మూటలు తెచ్చేటోళ్ళు చెప్తే విన్నాడు. నాకు పదేండ్లప్పుడు చచ్చిపోయినాడు. ఈ బిళ్ళ, ఈ మాట, ఈ రెండే నాకు ఇచ్చిపోయింది. మా నాయన అబద్ధం చెప్పే మనిషి కాదు" అన్నాడు.

"మీ నాయన చెప్తే అయిపోతాదా? పుస్తకంలో ఉండాదా?" అన్నాడు సిపాయి.

మామ చుట్టూ చూశాడు. నేను కనపడ్డాను. ఆయన ముఖం విప్పారింది. "అదో, మా అల్లుడుండాడు. పెద్ద చదువు చదివినోడు. పుస్తకాలు చూసి చెప్తాడు. పుస్తకంలో ఉంటే ఉన్నట్టు, ల్యాకుంటే ల్యానట్టు. వచ్చే సంతకు అందరూ ఈడనే ఉండండి. ఏమప్పా, చూసి చెప్తావు గదా?"

"చెప్తా మామా" అన్నాను.

బస్సులో తిరిగొచ్చేటప్పుడు ఆయన నాకు కిటికీ పక్క సీటు ఇచ్చాడు. దారిపొడవునా వాళ్ళ నాయన గురించే చెప్పాడు. వీపు మీద మూటల కాయలు కాచి ఉండేవట. పక్కన పడుకోబెట్టుకుని ఈ కథ చెప్పేవాడట. సికందర్ గుర్రం ఎలా పడిపోయిందో చేత్తో చూపించేవాడట. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఊఁ కొట్టాను. ఇదంతా పిట్టకథ అని తేలుతుందని, ఆయన నోరు తనంతట తనే మూతపడుతుందని నాకు గట్టి నమ్మకం.

ప్రొద్దుటూరు హైస్కూలులో చరిత్ర చెప్పే అయివారు ఒకాయన ఉండేవారు. ఇంటినిండా పుస్తకాలు. మరునాడే వెళ్ళాను. విషయం చెప్పి, "ఇదంతా ఉత్త కథే గదా సార్?" అన్నాను. ఆయన కుర్చీ ఎక్కి పై అర నుంచి లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దించి, దుమ్ము దులిపి, చాలాసేపు తిరగేశారు. ఒకచోట ఆగి తనలో తాను చదువుకున్నారు. తర్వాత నాకు తెలుగులో చెప్పారు. అలెగ్జాండరు, అంటే మామ చెప్పే సికందరే, ఆయన సైన్యం దాహానికి ఈ వేరే నమిలేదని పాతకాలం నుంచీ చెప్పుకుంటారట. దీన్ని నమిలి రోజుల తరబడి నీళ్ళు లేకుండా గడిపే, గుర్రాల మీద తిరిగే తెగల గురించి గ్రీకులు రాశారట. ఈజిప్టు రాజుల సమాధుల్లో కూడా ఈ వేర్లు దొరికాయట. ఇంగ్లండు లాంటి సీమదేశాల్లో పిల్లలకు దీనితో నల్ల మిఠాయి చేస్తారట, అచ్చం మామ చేసినట్టే.

"సరిగ్గా చూశారా సార్?" అన్నాను.

అయివారికి మాత్రం పట్టరాని సంతోషం. "అబ్బ, ఎంత గట్టోడురా మీ సాయిబు! పుస్తకం పట్టుకోకుండానే వాళ్ళ నాయన ఇంత దూరం మోసుకొచ్చినాడే! నేనెన్నిసార్లు తిన్న్యానో ఆ బిళ్ళ, ఒక్కసారన్నా ఈ మాట తట్టలేదు చూడు. పో, పోయి చెప్పు ఆయప్పకు. శానా సంబరపడతాడు" అన్నారు. నేను తలూపి వచ్చేశాను.

ఆ వారమంతా నాతో నేను కొట్లాడాను. ఒకసారి చెప్పేస్తాననుకునేవాణ్ణి. వెంటనే, చెబితే ఏమవుతుందో కళ్ళకు కట్టేది. ఇప్పుడే ఆయన ముందు నలభైమంది. పుస్తకంలో ఉందని నేనే చెబితే నాలుగొందలు. మూడూళ్ళూ ఆయన వెనకే. నేను బట్టీలో పొట్లాల దగ్గర. నా చదువు ఇన్నాళ్ళకు ఒక పనికొస్తే, అది ఆయనకు కిరీటం పెట్టడానికా?

సంతరోజు మామ ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. తలకు నూనె రాసుకున్నాడు. బస్సులో నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. నేను చెప్పబోతే చేయి అడ్డం పెట్టి, "ఈడొద్దప్పా. ఆడ, అందరి ముందర చెప్పు. నేనూ వాళ్ళతోపాటే వింటా" అన్నాడు.

బస్టాండు గోడ దగ్గర జనం అప్పటికే చేరారు. మాజీ సిపాయి ముందువరసలో ఉన్నాడు. మామ గోనెపట్ట పరిచి కూర్చున్నాడు. డబ్బా మూత తీయలేదు. నావైపు తలెత్తి చూశాడు. ఆ ముఖంలో ఎక్కడా అనుమానం లేదు. పండగ రోజు కొత్తబట్టల కోసం చూసే పిల్లవాడి ముఖం. ఆ ముఖం చూస్తే ఎవరికైనా జాలి కలగాలి. నాకు కుళ్ళు పుట్టింది. ఇంత నమ్మకం ఈయనకెక్కణ్ణుంచి వచ్చింది, నాకెందుకు లేదు అని.

"పుస్తకంలో అట్లాంటిది యాడా లేదు" అన్నాను.

నోరు జారిందని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. జారలేదు. ఆలోచించుకునే అన్నాను.

"అట్లనా అప్పా?" అన్నాడు మామ.

"అట్లనే మామా. ఒకటి కాదు, మూడు పుస్తకాలు చూసినా. అయివారూ అదే చెప్పినాడు, ఉత్త పిట్టకతేనని."

సిపాయి మీసం మీద చేయి వేసి నవ్వాడు. జనం కూడా నవ్వారు. చెడ్డగా ఏం కాదు, నలుగురితో నారాయణా అన్నట్టు నవ్వారు. ఒకరిద్దరు, "ఏమైతేంది లేప్పా, బిళ్ళ బాగుండాది గదా, ఇయ్యి" అని కొన్నారు కూడా. మామ తలొంచుకుని పొట్లాలు కట్టిచ్చాడు. పిల్లలు, "తాతా, కత చెప్పు" అన్నారు. "కత లేదు నాయనా, పోండి" అన్నాడు.

తిరుగు బస్సులో ఎర్రమట్టి చేలు దాటి వస్తుంటే మెల్లగా, "ఆ పుస్తకాలు రాసినోళ్ళు, ఆ కాలంలోనోళ్ళేనా అప్పా?" అన్నాడు.

"ఆ కాలం వాళ్ళు రాసిందే చూసి రాసినారు మామా."

"అయితే మా నాయనే..." అని ఆపేశాడు. ఆ తర్వాత ప్రొద్దుటూరు వచ్చేదాకా చేతిలోని వేరుముక్కను గోటితో గీకుతూ కూర్చున్నాడు.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఆ బస్సులోనే, ఆ సీటులోనే. చెప్పలేదు. పైగా, మీ దగ్గర దాచేదేముంది, ఆ రాత్రి నేను కడుపునిండా అన్నం తిన్నాను.

మామ మళ్ళీ సంతకు రాలేదు. "నాకు ఒంట్లో బాగలేదు, అల్లుణ్ణి పంపండి" అని షావుకారుకు తనే చెప్పాడు. నా పేరు ఆయనే చెప్పాడు. అలా మూడూళ్ళూ నావయ్యాయి. నల్ల బిళ్ళల డబ్బా కూడా నా చేతికొచ్చింది. ఆ గోడ పక్కనే పెట్టుకుని నిలబడ్డాను. "గొంతుకు మంచిది, దగ్గుకు మంచిది" అన్నాను. అది నిజమే. వచ్చినవాళ్ళు అటూ ఇటూ చూసి, "ఆ సాయిబు రాలేదా?" అని అడిగి వెళ్ళిపోయేవాళ్ళు. ఉన్న మనిషిమీద కుళ్ళుకోవడం తేలిక. లేని మనిషి మీద కుళ్ళుకోవడం ఎంత నరకమో అప్పుడు తెలిసింది. ఆయన కూర్చున్న చోట గోడకు తలనూనె మరక ఉండేది. దాన్ని చూసినా నాకు మండేది.

నల్ల బిళ్ళ అమ్మకం పడిపోయింది. ఏడాది తిరక్కుండానే షావుకారు ఆ పొయ్యి ఆపించాడు. మామ, "పోయొస్తానప్పా" అని అందరికీ చెప్పి జమ్మలమడుగు వెళ్ళిపోయాడు. నాకు కూడా చెప్పాడు. నా మీద ఆయనకు ఏ కోపమూ లేదు. ఉండి ఉంటే నాకు బతకడం కొంచెం తేలికయ్యేది.

తర్వాత నాలుగైదేళ్ళు నేను జమ్మలమడుగు వెళ్ళినప్పుడల్లా ఆయన వీధి తప్పించి చుట్టుతిరిగి వెళ్ళేవాణ్ణి.

చరిత్ర అయివారికి బదిలీ అయింది. సామాను సర్దుకుంటూ నాకు కబురు పంపారు. వెళితే ఆ లావు పుస్తకం నా చేతిలో పెట్టారు. "ఇంగ్లీషు పుస్తకం, ఎవరికిచ్చినా మూల పడేస్తారు. నువ్వయితే దీని కోసం ఒకసారి పనిగట్టుకోని వచ్చింటివి. మీ సాయిబుకు చూపియ్యి. ఆ పొద్దు చెప్తే ఏమన్న్యాడు? సంబరపడినాడా?" అన్నారు.

"పడినాడు సార్" అన్నాను. అదీ అబద్ధమే. ఆ అబద్ధం చెప్పి, పుస్తకం చంకన పెట్టుకుని వచ్చేశాను.

ఆ పుస్తకం ఇంట్లో ఉన్నన్నాళ్ళు నాకు నిద్ర పట్టలేదు. చివరికి ఒకరోజు పొద్దున్నే సంచిలో పెట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కాను. మామ ఇంటిముందు చిన్న పంచలో బొరుగులు, పప్పులు అమ్ముతున్నాడు. మనిషి చిక్కిపోయాడు. నన్ను చూడగానే లేచి, "రాప్పా, రా! ఎన్నాళ్ళకు!" అని పీట వేశాడు. లోపలికి కేక వేసి టీ పెట్టమన్నాడు. నేను టీ రాకముందే చెప్పేశాను. వస్తే మళ్ళీ చెప్పలేనని తెలుసు.

"మామా, ఆ పొద్దు నేను అబద్ధం చెప్పినా. పుస్తకంలో ఉండాది. సికందర్ ఉండాడు, దండు ఉండాది, వేరు ఉండాది. మీ నాయన చెప్పిందంతా ఉండాది. నువ్వంటే కుళ్ళు పుట్టి లేదని చెప్పినా."

ఆయన బొరుగుల చేటలో చేయి అలాగే ఉంచేశాడు. తిడతాడని ఎదురుచూశాను. కొట్టినా బాగుండుననుకున్నాను.

"ఏటా బరాతు పండగకు పోయినోళ్ళ పేర్లు చదివిచ్చి ఫాతెహా ఇప్పిస్తాం గదా, మా నాయన పేరునా ఇప్పిచ్చేటోణ్ణి" అన్నాడు. "ఆ యేటినుంచి మా యమ్మ పేరున ఒక్కదానికే ఇప్పిస్తాండా. పదేండ్ల పిల్లోణ్ణి పక్కన పండుకోబెట్టుకోని అబద్ధాలు చెప్పినాడే, ఏంటికి చెప్పల్ల అని. నాకు శానా కోపమొచ్చిందప్పా నాయన మీద."

నేను ఏడ్చాను. ఏడుస్తూనే సంచిలోంచి పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆయన చేతులు లుంగీకి తుడుచుకుని పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. బొమ్మ ఏమైనా ఉందేమోనని పేజీ తిప్పి చూశాడు. లేదు. చీమల బారు లాంటి అక్షరాలు.

"సికందర్ పేరు యాడుంది?"

నేను వేలు పెట్టి చూపించాను. ఆయన నా వేలు పక్కనే తన వేలు పెట్టాడు.

"ఇదేనా?"

"ఇదే మామా."

"ఇది సికందర్ అని నువ్వు చెప్తాండావు."

"ఒట్టు మామా. కావాలంటే వేరే ఎవరితోనన్నా చదివిచ్చుకో. ఈ ఊర్లో ఇంగ్లీషు వచ్చినోళ్ళుండారు."

"వాళ్ళకు నువ్వు ముందే చెప్పిపెట్టలేదని నాకేం తెలుసప్పా?" అన్నాడు. అని, ఆ మాట అన్నందుకు తనే నొచ్చుకున్నట్టు నా మోకాలి మీద చేయి వేశాడు. వేలు మాత్రం ఆ అక్షరాల మీంచి తీయలేదు.

"ఆ పొద్దు లేదంటివి, నమ్మినా. ఈ పొద్దు ఉందంటాండావు. నాకు చూస్తే అక్షరం రాదు. బరాతు పదైదు దినాలుండాది. మా నాయన పేరు చదివిచ్చల్లనా, వద్దా? నీ రెండు మాటల్లో దేన్ని పట్టుకోమంటావో నువ్వే చెప్పప్పా."

ఆయన నన్ను దెప్పిపొడవడానికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.